గుంజుకపోదాం

మాదాపూర్‌లో మా కారు కొట్టేయబోయారని కాకినాడలో అందరికీ చెప్పాను. అసలు సంగతి దాచాను.

ఊరు కాని ఊళ్లో బ్యాటరీ పోయి కారు ఆగిపోయింది. వెనక సీట్లో పాప జ్వరంతో మూలుగుతోంది. మెకానిక్ యాదయ్య తెచ్చిన బ్యాటరీకి ప్లస్ అవతలి వైపుంది, వైరు అందలేదు.

"గిది కుదరదు సార్. బండి గుంజుకపోదాం," అంటూ తలుపు మీద చెయ్యేశాడు.

మా వైపు గుంజుకోవడమంటే బలవంతంగా లాక్కోవడమే. "దొంగ! దొంగ!" అని అరిచాను. జనం అతని కాలరు పట్టుకున్నారు.

"తాడు కట్టి షాపు దాంక గుంజుతనన్న సార్!" అన్నాడతను.

జనం వదిలేశాక ఆ షాపుకే బండి లాక్కెళ్లి సరైన బ్యాటరీ బిగించాడు. నేను డబ్బిచ్చి, క్షమాపణ చెప్పకుండానే వచ్చేశాను.

మొన్న మళ్లీ ఆ షాపుకి వెళ్లాను. "ఏం సార్, మల్ల గుంజాల్నా?" అన్నాడు.

ఆనాడు అరిచినంత గట్టిగా, షాపులో అందరూ వినేలా చెప్పాను: "యాదయ్యగారూ, మీరు దొంగ కాదండి. తప్పు నాది. క్షమించండి."