కూర్మారావు గారి కుర్చీ

శుక్రవారం సాయంత్రం అయిదింటికి సికింద్రాబాదులో బండెక్కాను. కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో కంప్యూటర్ తెలిసిన మనిషి కావాలంటున్నారని మా ఆవిడ పార్వతి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. ఆమె మందస అవతల, ఉద్దానంలో సముద్రం ఒడ్డు ఊళ్ళో టీచరు. పెళ్ళయి నాలుగేళ్ళయినా సెలవులకి చుట్టంలా వెళ్ళొచ్చే మొగుణ్ణి నేను. రోజూ సాయంత్రం ఆ ఇంటికి చేరే ఉద్యోగం దొరికితే చాలు, జీతం సగమైనా సరే అనుకున్నాను.

పొద్దున్న నౌపడలో ఎక్కిన టెక్కలి కొబ్బరి వ్యాపారి సంగతంతా విని, "వచ్చీ బావా! ఉద్దానం గాలి తగిల్తే ఇంకెక్కడికీ ఎల్లలేవు," అన్నాడు. ఆ మాటకే కడుపు నిండిపోయింది.

తొమ్మిదిన్నరకి పలాసలో దిగి, రెండు ఇడ్లీలు తిని, పదింటికల్లా పక్కనే కాశీబుగ్గలో ఉన్న ఫ్యాక్టరీకి చేరాను. రమ్మన్న టైము అదే. ఓనరు లేడు. ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలీదు. "ఈలోగా గుమాస్తా గారి దగ్గర కూకుని పని సూడమన్నారు," అన్నాడు వాచ్‌మన్. ఇదేం ఇంటర్వ్యూరా బాబూ అని ఒళ్ళు మండింది.

గుమాస్తా కూర్మారావు గారిది ఇరవై ఏళ్ళుగా అదే కుర్చీ. విరగని గుండు పప్పు ఏ డబ్బాలోకి, రెండుగా చీలిన బద్ద ఏ డబ్బాలోకి, ఏ లారీకి ఏ సరుకో ఓపిగ్గా చెప్పుకొచ్చారు. "కంప్యూటరొత్తే నా కళ్ళకి సుకం బాబూ. ఇద్దరం కలిసి సేసుకుందుం," అన్నారు.

ఒంటిగంట దాటాక ఓనరు స్కూటర్ మీద వచ్చాడు. సర్టిఫికెట్లు చూళ్ళేదు, పేరైనా అడగలేదు. జీడి గింజలు ఎండబోసిన చోటికి తీసుకెళ్ళి, "సోమవారం వచ్చీండి. మూడు వారాలు ఆ ముసలాయన దగ్గర అంతా నేర్చేసుకోండి, తరవాత ఆయన్ని పంపించేద్దాం. ఆయనకింకా తెలీదు, నోరు జారకండి," అన్నాడు.

అబద్ధమెందుకు, సరే అనబోయాను కూడా. కానీ ఆ మూడు వారాలూ ఆయన మొహం ఎలా చూడను? "నాకొద్దండి," అన్నాను.

"అంత దూరం నించొచ్చి వద్దంటావేటి? నువ్వు కాకపోతే ఇంకోడు," అన్నాడు. మీరు కాస్తా నువ్వైపోయింది. ఆ వైపు ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, మీకిస్తామన్న కుర్చీలో ఇప్పుడెవరున్నారో అడిగి మరీ బండెక్కండి.

బ్యాగు కోసం వెళ్తే, "ఎప్పుడు సేరతన్నావు?" అన్నారు కూర్మారావు గారు. దాచలేక ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన ముందున్న పుస్తకం మూసి పక్కన పెట్టారు. తరవాత క్యారేజీ విప్పి, మూతలో అన్నం పెట్టి నా వైపు జరిపారు. "ఎండగుంది. తినీసి ఎల్లు బాబూ."

మూడింటికి మందస బస్సు, అక్కణ్ణించి ఆటో. దారి పొడుగునా కొబ్బరి తోటలు, జీడి తోటలు, ఆ పైన సముద్రపు గాలి. అవన్నీ చేతిదాకా వచ్చి జారిపోయాయనిపించి దుఃఖం వచ్చింది. పార్వతి గుమ్మంలోనే నిలబడుంది. కాళ్ళయినా కడుక్కోకుండా అంతా చెప్పేశాను. "మంచి పని సేసినావు," అని లోపలికెళ్ళిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం పలాస స్టేషన్‌కి తనూ వచ్చింది. బండి కదలబోతుంటే పెట్టె గుమ్మం కడ్డీ పట్టుకుని, "నిన్న రాగానే ఎందుకు సెప్పీసినావు? తెల్లారేక సెప్పొచ్చు కదా. ఒక్క రాత్రయినా నువ్వొచ్చీసినావనుకుని పడుకుందును," అంది.

తరవాతి స్టేషన్ పూండి వచ్చేదాకా ఆ గుమ్మంలోనే నిలబడ్డాను. ఉద్యోగం వద్దన్నందుకు ఇప్పటికీ చింత లేదు. ఆ ఒక్క రాత్రి ఆమెకి ఇవ్వలేకపోయానే అన్నదే నా బాధంతా.