తెల్లజట్టు చొక్కాలు గులాబీ అయిన రోజు

మా ఆయన లాండ్రీ నడుపుతారు. మూడు పెద్ద మిషన్లు, రెండు ఇస్త్రీ బల్లలు, ఎప్పుడూ ఆవిరి పట్టి ఉండే ఒక కిటికీ. ఇరవై రెండేళ్ళుగా ఆయన లోకం అదే. అందులో కాస్త చోటు మిగిలితే అక్కడ నది ఇవతలి ఫుట్‌బాల్ టీము ఎర్రజట్టును కూర్చోబెట్టారు. మామూలుగా ఆయనంత నెమ్మదస్తులు ఉండరు. బొత్తాం ఊడిందని ఎవరైనా వచ్చి బల్ల గుద్దినా "కుట్టిస్తాలెండి" అంటారు తప్ప మాట తూలరు. అదే మనిషిని ఎర్రజట్టు గోల్ కొట్టినప్పుడు చూడాలి! పూనకమే. బెంచీ ఎక్కి గెంతి ముందు వరుస వాళ్ళ నెత్తిన పడతారు. ఒకసారి ఆయన చెప్పు ఎగిరి వెళ్ళి లైన్ రిఫరీకి తగిలింది. క్షమించమని అడగడానికి వెళ్ళింది మాత్రం నేను.

నేను నది అవతల పుట్టినదాన్ని. అవతల అందరిదీ తెల్లజట్టు. పెళ్ళి మాటలప్పుడు పెద్దవాళ్ళు రక్తం గ్రూపు దాకా అన్నీ అడిగారు గానీ ఈ సంగతి అడగడం మరిచిపోయారు. పైగా మా తమ్ముడే తెల్లజట్టు మేనేజరు. అంత పెద్ద మిషన్లు మాకే ఉన్నాయి కాబట్టి రెండు జట్ల బట్టలూ మా దగ్గరికే వస్తాయి. ఆ రెండు జట్లూ తలపడే వారం మాత్రం మా లాండ్రీలో ఒక కట్టుబాటు ఉంది. ఎర్రబట్టలు ఆయనే ఉతకాలి, తెల్లవి నేనే ఉతకాలి. ఒకరి మూట ఇంకొకరు ముట్టుకోకూడదు. ఈ సంగతి బయట ఎవరికీ తెలియదు. చెప్పాలని మాకూ ఎప్పుడూ తోచలేదు.

ఆ ఏడు చాంపియన్ ఎవరో తేలే ఆట సాయంత్రం నాలుగింటికి. పొద్దున్నే ఆయన తన ఎర్రబట్టలు ఉతికి తీసేశారు. నా వంతు వచ్చింది. మూట వేసేముందు మిషన్ డ్రమ్ములో చెయ్యి పెట్టి చుట్టూ తడమాలి, ఏమైనా అంటుకుని ఉందేమోనని. మా పనిలో అది మొదటి పాఠం. ఆ రోజు నేను తడమలేదు. నోరు ఊరుకుంటేగా!

"మీవాళ్ళ మీద ఎన్ని గోల్స్ కొట్టమంటారో ఇప్పుడే చెప్పండి. మా తమ్ముడితో చెప్పి కాస్త తగ్గించమంటాను," అన్నాను.

"ముందు బట్టలు వెయ్యవే తల్లీ," అన్నారు ఆయన, ఇస్త్రీ మీంచి తల ఎత్తకుండా.

వేశాను. వేడినీళ్ళు పెట్టాను. గంట తరవాత తలుపు తీశాను. పదహారు చొక్కాలూ ముచ్చటైన లేత గులాబీ రంగులో ఉన్నాయి. డ్రమ్ము పైభాగాన ఒక ఎర్ర సాక్సు కరుచుకుని ఉంది. నానబెట్టాం, రుద్దాం, మళ్ళీ ఉతికాం. ఊహూఁ. తెల్లజట్టుకు రెండో జత లేదు.

మైదానంలో మూట విప్పగానే మా తమ్ముడు ఒంటికాలి మీద లేచాడు.

"ఏంటి బావా ఇది? ఎవరి పని?"

నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నారు: "నా పనేరా. మా ఎర్ర సాక్సు మిషన్లో ఉండిపోయింది. చూసుకోలేదు."

"చూసుకోలేదా, చూసే చేశావా?"

నేను అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. చుట్టూ నన్ను చిన్నప్పటినుంచీ ఎరిగిన తెల్లజట్టు వాళ్ళంతా నిలబడి ఉన్నారు. సిగ్గుచేటే గానీ నిజం, ఆయన వెనక నక్కాను.

రిఫరీ వచ్చి చూశాడు. ఎరుపూ గులాబీ దూరానికి ఒకలాగే కనిపిస్తాయి, నలభై నిమిషాల్లో వేరే చొక్కాలు తేకపోతే గెలుపు ఎర్రజట్టుదేనని తేల్చేశాడు. అంతే, ఎర్రజట్టు అభిమానులు ఉరుకుల పరుగుల మీద వచ్చి మా ఆయన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు.

"శభాష్ లాండ్రీ! ఆడకుండానే గెలిపించావ్!"

"దించండ్రా నన్ను! ఇరవై రెండేళ్ళలో ఒక్క మరక మిగల్చలేదు నేను. ఉతుకుడులో మోసం చేస్తానా?" అని అరిచారు ఆయన. ఎవరు వింటారు? నవ్వారు. ఆయన ఎలాగో కిందికి దిగి నా దగ్గరికి వచ్చారు.

"బేకరీ వాళ్ళ తెల్లకోట్లు ఇస్త్రీ చేసి ఉన్నాయి. పద," అన్నారు.

స్కూటరు మీద పరుగెత్తాం. బేకరీ యజమానికి ఫోన్ చేస్తే, "మరకలు పడితే నువ్వేగా ఉతికేది, తీసుకుపో" అన్నాడు. బట్టలకు గుర్తులు వేసే సిరాతో ఆయనే వీపుల మీద నంబర్లు రాశారు, అచ్చు గుద్దినట్టు. ఎర్రజట్టు మనిషి తెల్లజట్టుకు నంబర్లు రాస్తుంటే చూడలేకపోయాను.

"నేనే చేశానని చెప్పేస్తానండీ."

"వద్దులే. నీ పుట్టింటివాళ్ళు. నన్ను తిడితే దులిపేసుకుంటాను. నిన్ను తిడితే నువ్వు తట్టుకోలేవు."

దులిపేసుకుంటారట! ఉతుకుడు మీద మాట పడితే ఆయనకు అన్నం సయించదని నాకు తెలియదా?

ఆట మొదలైంది. బొత్తాల కోట్లలో తెల్లజట్టు దిగితే అంతా పకపకా నవ్వారు. కానీ ఆడారండీ, అబ్బ! ముందు గోల్ మావాళ్ళదే. నేను లేచి గొంతు చించుకున్నాను. నాకేం, నన్నెవరూ ఏమీ అనరుగా. తరవాత ఎర్రజట్టు ఒకటి కొట్టి సమానం చేసింది. మేము ఎప్పుడూ రెండు వర్గాలకూ మధ్య బెంచీలో కూర్చుంటాం. ఎడమవైపు తెల్లజట్టు వాళ్ళు "దొంగ" అన్నారు. కుడివైపు ఎర్రజట్టు వాళ్ళు "చేతికందిన గెలుపు పాడుచేసిన ద్రోహి" అన్నారు. మంచి పేరు తప్ప ఏమీ సంపాదించని మనిషికి ఆ పేరు రెండు వైపులా పోయింది.

ఇంకో మూడు నిమిషాలు ఉందనగా ఎర్రజట్టు రెండో గోల్ కొట్టింది. మూల నుంచి వచ్చిన బంతి, తలతో ఒక్క పోటు. అంతకన్నా అందమైన గోల్ నేను చూడలేదు. కుడివైపంతా లేచి గంతులేసింది.

మా ఆయన లేవలేదు. లేస్తే "చూశారా, కావాలనే చేశాడు" అంటారు కదా. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నారు, వేళ్ళు తెల్లబడేలా.

ఇక నావల్ల కాలేదు. బెంచీ ఎక్కాను.

"ఒరేయ్ తమ్ముడూ! ఇటు చూడరా! ఆ చొక్కాలు ఉతికింది నేను! డ్రమ్ము తడమకుండా మూట వేసింది నేను! మీ బావ మీ బట్టలు ముట్టుకోనైనా లేదు!"

ఎడమవైపు గోల అణిగిపోయింది. కుడివైపు వాళ్ళూ తిరిగి చూశారు. గీత దగ్గర మా తమ్ముడు నోరు వెళ్ళబెట్టాడు.

"అక్కా, నువ్వా?"

"నేనేరా! ఏం చేస్తావో చేసుకో! ఆయన్ను ఇంకొక్క మాట అన్నారంటే మాత్రం ఊరుకోను, చెబుతున్నా!"

వాడు మా ఆయన వైపు చూసి, "బావా..." అని తల దించుకున్నాడు.

"దిగవే, పడతావు," అన్నారు ఆయన.

"నా సంగతి తరవాత. మీవాళ్ళు గోల్ కొట్టారు. లేవండి."

లేచారు. బెంచీ ఎక్కి నా పక్కన నిలబడ్డారు. అప్పటికి బంతి మళ్ళీ మధ్య గీత మీదికి వచ్చేసింది, అందరూ కూర్చున్నారు, చప్పుడన్నదే లేదు. ఆ నిశ్శబ్దంలో మా ఆయన ఒక్కరే రెండు చేతులూ పైకెత్తి, "గోల్!" అని మైదానం దద్దరిల్లేలా అరిచారు. మా తెల్లజట్టు ఓడిపోతోంది. అయినా ఆయనతో పాటు నేనూ అరిచాను.