మెడపట్టీకి గంజి

మా ఆయన ఓడలో పనిచేసేవాడు. మద్రాసు నుంచి పెనాంగు, సింగపూరు పోయే ప్రయాణికుల స్టీమరు. అందులో ఫస్టు క్లాసు భోజనాల హాల్లో వడ్డించే బట్లరు ఉద్యోగం. పందొమ్మిదివందల యాభైల చివర్లో పెళ్ళై నేను కాపురానికి వచ్చేసరికే మైపాడు రోడ్డు మీద మా ఇంటికి ‘స్టీమరోళ్ళ ఇల్లు’ అని పేరు. వినడానికి బాగానే ఉండేది. ఆ పేరు నిలబెట్టడానికి గంజి కాచింది మాత్రం నేను.

ఆ హాల్లో రాత్రి భోజనానికి ఒక పద్ధతి ఉండేది. తినేవాళ్ళు కోటూ టైయ్యీ లేకుండా లోపలికి రాకూడదు. వడ్డించేవాళ్ళు తెల్లటి మందపాటి కోటు తొడుక్కుని మెడదాకా గుండీలు పెట్టుకోవాలి. ఆ కోటు మెడపట్టీ అట్టలాగా నిలబడాలి. వడ్డనకు ముందు హెడ్ బట్లరు అందరినీ వరసలో నిలబెట్టి, మెడపట్టీ మీద గోటితో కొట్టి చూసేవాడట. టక్కుమని చప్పుడు రావాలి. రాకపోతే ఆ రాత్రికి బల్లల దగ్గరికి పోనివ్వరు, కిందికి పోయి అంట్లు కడుక్కోవాలి. ఓడలో చాకలి ఉన్నా వాడికి ప్రయాణికుల బట్టలతోనే సరిపోయేది. అందుకని మా ఆయన సెలవుకు వచ్చినప్పుడల్లా రేకుపెట్టె నిండా కోట్లు తెచ్చి నా ముందు పెట్టేవాడు.

మొలగొలుకుల బియ్యం మెతుకు చెదిరిపోయేదాకా ఉడికించాలి. పాత చీర గుడ్డలో వడగట్టాలి. ఆ చిక్కటి గంజిలో కోట్లు ముంచి, పిండి, దులిపి, దండెం మీద వెయ్యాలి. ఎండ ఉంది కదా అని కూర్చుంటే కుదరదు. మధ్యాహ్నం తిరిగితే సముద్రం మీది గాలి ఇటు మళ్ళుతుంది. ఆ చెమ్మ తగిలిందా, పెట్టిన గంజంతా మెత్తబడి మళ్ళీ మొదటికొచ్చేది. గాలి మళ్ళేలోపలే సరుగుడు బొగ్గులు ఇస్త్రీపెట్టెలో పోసుకుని కోట్లన్నీ రుద్దెయ్యాలి. నడుము పడిపోయేది. మెడపట్టీలకైతే ఇంకో విడత గంజి, ఇంకో విడత ఇస్త్రీ.

పిల్లలు గిన్నెలు పట్టుకుని పొయ్యి దగ్గర చేరేవాళ్ళు, ఇంత ఉప్పేసి తమకూ గంజి పొయ్యమని. “ఉండండ్రా, ముందు మీ నాయన కోట్లు తాగనీండి” అనేదాన్ని. కోట్లు తాగాక అడుగున మిగిలేది ఎంతని?

ఈ చాకిరీకి నేను ఏడవలేదు. నా ఏడుపంతా ఆయన మెడ గురించి. ఆ మెడపట్టీ చెమటలో ఒరుసుకుని ఒరుసుకుని మెడ చుట్టూ పుండు పడేది. వచ్చిన రోజు చొక్కా విప్పితే చూడలేకపోయేదాన్ని. వేపాకు, పసుపు నూరి రాసేదాన్ని, కొబ్బరినూనె పూసేదాన్ని. సెలవు అయిపోయేసరికి పక్కు కట్టేది. అంతలో మళ్ళీ ఆ మెడకే నేను మెడపట్టీలు బిగదీసి ఇస్త్రీ చేసి పంపేదాన్ని. చర్చిలో ఆడవాళ్ళు పిల్లల చదువులని, వానలని ప్రార్థనలు చేసుకుంటుంటే, నేను మా ఆయన మెడ మానాలని అడుక్కునేదాన్ని. ఇదేం కోరికరా దేవుడా అని నాకే నవ్వొచ్చేది.

మా అత్తగారికి ఇవేవీ పట్టేవి కావు. “నా కొడుకు దొరల మధ్యన తిరిగేవోడు. ఇంత గంజి కాచేదానికే మూతి ముడిస్తే ఎట్టా మే?” అనేది.

పిల్లలు బడికి పోయే వయసు వచ్చినాక ఒకసారి, కృష్ణపట్నం వైపు ఆయన ఒకరు మా ఇంటికి వచ్చాడు. అదే ఓడలో ఇంజను దగ్గర పని. మా ఆయన కంటే ముందు సెలవు దొరికిందట. మంచినీళ్ళు తాగి, చల్లగా కబురు చెప్పాడు.

“అక్కా, ఇంక మీ బాధ తీరింది. రాత్రి భోజనానికి కోట్లు అక్కర్లేదని బోర్డు పెట్టేసినారు. ఫ్యాన్ల కింద కూడా ఉడికిపోతా ఉండామని జనం గోల చేసినారంట.”

నా నెత్తిన పాలు పోసినట్టయింది. గంజి వడగట్టే గుడ్డ తీసి మసిగుడ్డ చేసేశాను. అత్తగారు గొణుగుతూనే ఉంది, కోటు లేకపోతే వాడు ఓడలో పనిచేస్తున్నట్టు ఎవరికి తెలుస్తుందని. చాల్లే సంబడం అనుకున్నాను.

తర్వాత వారం ఆయన వచ్చాడు. రేకుపెట్టె అరుగు మీద దించి తెరిచాడు. నిండా కోట్లే.

“ఇవెందుకయ్యా? తీసేసినారంట కదా?”

“తీసేసింది తినేవాళ్ళకి. మాక్కాదు.” కూర్చుని మోకాళ్ళు పట్టుకున్నాడు. “మేము కూడా చొక్కాలతో తిరిగితే తినేదెవురో, తెచ్చేదెవురో తెలవద్దా అన్నాడు హెడ్ బట్లరు. ఇప్పుడింకా జాస్తిగా కొట్టి చూస్తా ఉండాడు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బోర్డు తగలెయ్య అన్నాను. ఆయనకు కోపం కూడా రాలేదు. అంత అలిసిపోయి ఉన్నాడు.

“ముందే నయం మే. అప్పుడు అందరం ఉడికేవాళ్ళం. దొరకీ చెమటే, నాకూ చెమటే. ఒక్కోసారి నేను సూపు పోస్తా ఉంటే వాళ్ళు కూడా మెడకాడ వేలు పెట్టి లాక్కునేవాళ్ళు. నన్ను చూసి నవ్వేవాళ్ళు. ఇప్పుడు పూల చొక్కాలేసుకుని హాయిగా కూర్చుంటా ఉండారు. హాలు మొత్తానికి మేమే ఉడుకుతా ఉండాం.”

ఆ మాట విన్నాక అన్నం సహించలేదు. మర్నాడు మసిగుడ్డను సోడాపొడి వేసి ఉడకబెట్టి, మళ్ళీ గంజి వడగట్టాను. ఇంకేం చేస్తాం?

ఆ కోట్లతో పోయిన పయనంలో మెడ పుండు చీము పట్టింది. వడ్డిస్తుంటే తెల్లటి మెడపట్టీ మీద పసుపు మరక ఊరిందట. బల్ల దగ్గర కూర్చున్నావిడ అది చూసి చెంచా కింద పెట్టేసింది. ఆ రాత్రే ఆయన్ని కిందికి పంపించేశారు, అంట్ల దగ్గరికి. ఒక్క రాత్రికి కాదు, ఇంక ఎప్పటికీ.

ఇవన్నీ ఆయన ఇంటికొచ్చాక చెప్పినవి. గుమ్మంలోకి రాగానే నేను చూసింది ఆయన మెడ. నున్నగా ఉంది. పక్కు లేదు, ఎరుపు లేదు, మచ్చ మాత్రం మిగిలింది. స్తోత్రం అనబోయి ఆయన మొహం చూసి నోరు నొక్కుకున్నాను. ఇన్నేళ్ళు నేను అడిగింది దేవుడు ఇచ్చాడు, ఇట్లా ఇచ్చాడు.

“కింద ఏం తొడుక్కోబళ్ళేదు. బనీను చాలు” అన్నాడు. ఈ సంగతి కాక ఆ సెలవంతా ఆయన చెప్పిన కబురు అదొక్కటే. అత్తగారు మాత్రం బావి దగ్గర దొరలనీ, బల్లలనీ చెబుతూనే ఉంది. ఆమెకు మేము చెప్పలేదు.

బయలుదేరే ముందురోజు పొద్దున ఆయన ఒక్క కోటు తెచ్చి నా పక్కన పెట్టాడు.

“దీనికి గంజి పెట్టు మే.”

“ఎవురు తొడుక్కోను?”

“పైన ఎవురికన్నా జబ్బు చేస్తే పిలస్తారేమో.”

నాకు అరవాలనిపించింది. నీకు సిగ్గులేదా, ఆ మెడ చూసుకో అని అనాలనిపించింది. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు, మచ్చ కనిపిస్తూ. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.

చేతులకు పెట్టాను. వీపుకు, ముందు పట్టీలకు పెట్టాను. మెడపట్టీని మాత్రం గంజి గిన్నెలో పడకుండా చేత్తో ఎత్తి పట్టుకున్నాను. గాలి మళ్ళేలోపల ఇస్త్రీ కూడా చేసి ఇచ్చాను.

ఆయన కోటు చేతిలోకి తీసుకుని మెడపట్టీ మీద గోటితో కొట్టాడు. చప్పుడు రాలేదు. ఇంకోసారి కొట్టాడు. నా వైపు చూశాడు. నేను పొయ్యి వైపు తిరిగి, మిగిలిన గంజిలో ఉప్పేసి పిల్లల్ని పిలిచాను.

ఆయన కోటు మడిచి పెట్టె అడుగున పెట్టుకున్నాడు. వచ్చి పిల్లల పక్కన చతికిలబడి, గిన్నె చాపాడు.

“నాక్కూడా ఇంత పొయ్యి మే” అన్నాడు.