పొట్టకు పూయని మసి

మా నాయనమ్మ డుల్సీకి పోలీసులంటే భయం లేదు. నవ్వుతూ గడపలోకి వచ్చే తెల్లావిడంటేనే ఆవిడకు భయం.

పశువుల ఫారంలో ఆవిడ పనిమనిషి. దొరసాని బట్టలు ఉతికింది, ఆమె కొడుక్కి తన పాలిచ్చి పెంచింది. మిట్ట మీద దొరల ఇల్లు, వాగు ఒడ్డున నల్లజాతి ఆదివాసులం, మావాళ్ల గుడిసెలు. నాయనమ్మ తొలిచూలు ఎల్వా, నేను ఎన్నడూ చూడని మా అత్త, లేత గోధుమ రంగులో పుట్టింది. తండ్రి ఎవరో వాగు ఒడ్డున అందరికీ తెలుసు. దొరను నిలదీసే దమ్ము ఎవరికుంది? అలాంటి రంగు పిల్లల్ని, తల్లి బతికుండగానే, తెల్లవాళ్ల పద్ధతిలో పెంచుతామని సర్కారు ఎత్తుకుపోయి ఎక్కడో అనాథాశ్రమంలో పడేసేది.

అందుకని రోజూ పొద్దున్నే నాయనమ్మ ఉడుము కొవ్వులో బొగ్గు నూరి ఎల్వాకు పట్టించేది. రంగు తేలిన పిల్లలున్న తల్లులందరిదీ అదే పని.

"కదలకే కోతీ! చెవి వెనకాల మిగిలిపోయింది."

"కంపు కొడతాందే అమ్మా."

"కొట్టనీ. కంపుకొట్టే పిల్లని ఎవడూ ఎత్తుకుపోడు."

అలాంటి పిల్లల కోసం వెతుకుతూ వచ్చే పోలీసు గుర్రం దిగేవాడు కాదు. మొహాలూ కాళ్లూ చేతులూ చూసి పోయేవాడు. గుర్రం కనుమరుగయ్యేదాకా నాయనమ్మ ఊపిరి తీసుకునేది కాదట.

క్రిస్మస్ ముందు దొరసాని గుడిసె దాకా వచ్చింది. "ఎల్వాకి కొత్త గౌను కుట్టాను డుల్సీ. నేనే స్నానం చేయించి తొడుగుతా."

నాయనమ్మ పిల్లను వెనక్కి లాక్కుంది. "దానికి జలుబమ్మగారూ. నీళ్లు పడితే చచ్చిపోద్ది."

"వేడినీళ్లేలే. నన్ను పరాయిదాన్ని చేస్తావేంటి?"

తొట్టి పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడింది నాయనమ్మ. దొరసాని పిల్ల గౌను విప్పింది. పొట్టా వీపూ లేత గోధుమ రంగులో బయటపడ్డాయి. అక్కడ మసి పూయలేదు మరి! గౌను కింద ఎవరు చూస్తారనుకుంది పిచ్చి తల్లి. పోలీసు చూపు ఎందాకా వెళ్తుందో ఎరుగును గానీ, ఆడమనిషి చెయ్యి ఎందాకా వెళ్తుందో ఎరగదు.

దొరసాని మొహం కూడా సబ్బుతో రుద్దింది. మసి పోయిన పిల్ల గడ్డం మీద అచ్చం దొరకున్న నొక్కే. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి కొత్త గౌను తొడిగి, పిల్లను ముద్దుపెట్టుకుంది.

"ఇంత చక్కటి పిల్ల గుడిసెల్లో మట్టికొట్టుకుపోవాలా? దాని మంచికే చెబుతున్నా డుల్సీ." ఏడ్చింది కూడా. ఆ కన్నీళ్లు నిజమేనంటుంది నాయనమ్మ. నాకు ఒళ్లు మండేది అందుకే.

"ఇప్పుడే పిల్లనెత్తుకుని కొండల్లోకి పారిపోవే," అంది నాయనమ్మ వాళ్లమ్మ ఆ రాత్రి.

"నా పాలు తాగిన పిల్లాడి తల్లమ్మా ఆవిడ. పోలీసుకి ఎందుకు చెప్తుంది?"

వారం తిరక్కుండా కారు వచ్చింది. పోలీసు ముందు సీట్లోనే కూర్చున్నాడు. ఆశ్రమం నుంచి వచ్చిన తెల్లావిడ ఒకతె దిగి, చేతిలో మిఠాయి పెట్టి, ఎల్వాను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. పిల్ల ఏడవలేదు. షికారు అనుకుని కొత్త గౌనులో అమ్మకు చెయ్యి ఊపింది. నాయనమ్మ కారు వెంట పడుతూ లేస్తూ పరిగెత్తింది. మళ్లీ ఎల్వా జాడ లేదు.

మొన్న టౌన్లో మా ఇంటి తలుపు ఎవరో తట్టారు. నా బాబును చంకనేసుకుని కిటికీలోంచి చూస్తే తెల్లావిడ, మెడలో శిశు సంక్షేమ శాఖ కార్డు. "ఊరికే, బుజ్జిగాణ్ణి చూసిపోదామని!" మా వీధిలో రోజీ బిడ్డనూ ఇలాగే ఊరికే చూసిపోయారు. మర్నాడు ఉయ్యాల ఖాళీ. ఇప్పుడు వాళ్లకు రంగుతో పని లేదు, వంటింట్లో రొట్టె లేకపోయినా చాలు, బిడ్డను ఎత్తుకుపోతారు. నేను తలుపు తియ్యలేదు.

వెనక్కి తిరిగేసరికి నాయనమ్మ పెరట్లో ఆరిన పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి, పెనం మీది కొవ్వుతో అరచేతిలో నూరుతోంది.

"నాయనమ్మా, వీడు నల్లగానే ఉన్నాడే..."

"నోర్ముయ్. చొక్కా ఎత్తు. ఈసారి పొట్టక్కూడా పూస్తా."

తలుపు మళ్లీ చప్పుడైంది. నేను నాయనమ్మను ఆపలేదు. బాబు చొక్కా మెడ దాకా ఎత్తి పట్టుకున్నాను.