మేబెల్ ఆవరణలో చెట్లు

సత్యానందం అన్నయ్య ప్రార్థనలో ఏనుగు పేరెత్తిన మొదటి శనివారం, అందరం కళ్ళు మూసుకునే నవ్వు ఆపుకున్నాం. "ప్రభువా, ఆ మేబెల్ మనసు మార్చు. ఈసారి పాతిన చెట్లనైనా బతకనివ్వు" అన్నాడాయన. ఆమేన్ అయ్యాక లూసీ వదిన టీ కప్పులు అందిస్తూ, "ఇంట్లో నాతో పంతాలు చాల్లేదేమో, మీ అన్నయ్య ఏనుగుతో కూడా పెట్టుకున్నాడు" అంది. ఆయన మాత్రం నవ్వలేదు.

వాళ్ళు ఐసెలిన్‌లో మా కింది వాటాలో ఉండేవారు. వదిన నర్సు. ఆమె ఉద్యోగం మీదే ఇద్దరూ ఈ దేశం వచ్చారు. బాపట్ల దగ్గర మొక్కల నర్సరీ చూసిన అన్నయ్యకి, ఇక్కడ గంట ప్రయాణంలో ఉన్న జంతువుల పార్కులో తోటపని దొరికింది. జనం కార్లలోనే తిరిగి జంతువులను చూసే పార్కు అది. పొద్దున్నే వెళ్తూ నన్ను బట్టల ఫ్యాక్టరీ దగ్గర దించేవాడు. నేను ఆలస్యం చేస్తే ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. మా మెట్ల మీది మంచు తీస్తూ నిలబడేవాడు.

1982లో ఆ పార్కు మేనేజరుకి ఏనుగుల ఆవరణను ఆఫ్రికా గడ్డిమైదానంలా చేయాలని బుద్ధి పుట్టింది. ఉన్నది నాలుగెకరాలు. అందులో మూడు ఏనుగులు. పచ్చని గడ్డి, అక్కడక్కడ గొడుగులా పరుచుకున్న చెట్లు, వాటి నీడన ఏనుగులు ఉండాలి. బొమ్మ వేసి మరీ అన్నయ్య చేతికిచ్చాడు. మన తుమ్మను తలపించే చెట్లు తెప్పించి, అన్నయ్య నడుము విరిగేలా గుంటలు తీసి పాతాడు. శీతాకాలమంతా షెడ్డులో ఉన్న ఏనుగులను మేలో బయటికి వదిలారు. పెద్దది మేబెల్ తిన్నగా వచ్చి ఒక కొమ్మ విరిచింది. తర్వాత అరటి నార ఒలిచినట్టు బెరడు ఒలిచింది. చివరికి నుదురు ఆనించి చెట్టునే పడదోసింది.

"జూలై దాకా చూస్తాను. చెట్లు నిలవకపోతే సిమెంటు చెట్లు పెట్టిస్తా" అన్నాడు మేనేజరు.

అన్నయ్య ఉద్యోగానికి వచ్చిన ముప్పేమీ లేదు. కాని చెట్లు పెంచడం తప్ప వేరే విద్య తెలియని మనిషి. తన చేతిలో ఒక్కటైనా బతకాలి, అంతే ఆయన ఆశ.

మన ఊళ్ళల్లో మేకలు, గొడ్లు రాకుండా మొక్క చుట్టూ ముళ్ళకంప కడతాం కదా. ఆయనా అదే చేశాడు. ముళ్ళకొమ్మలు కొట్టి తెచ్చి, చేతులు గీరుకుపోతున్నా రెండోసారి పాతిన ప్రతి మొదలుకూ దట్టంగా కట్టాడు.

మర్నాడు కారెక్కగానే నేనడిగాను: "కంప పనిచేసిందా అన్నయ్యా?"

"పనిచేసిందమ్మా. ముందు కంప తినేసి, తర్వాత చెట్టు తింది."

"ముళ్ళతో సహానా!"

"ముళ్ళంటేనే ఇష్టమట దానికి! పచ్చడి నంజుకున్నట్టు నంజుకుంది. నేనే వడ్డించాను కదా, వెధవని!" అని స్టీరింగ్ మీద కొట్టాడు.

ఆ వాసనకైనా దూరంగా ఉంటుందని చెట్లకు పేడనీళ్ళు చల్లినా ఫలితం లేకపోయింది. చొక్కాలన్నీ కంపు కొట్టి వదిన చేత తిట్లు తినడమే మిగిలింది.

ఏనుగులకు మేత వేసే డోరిస్ అనే ఆవిడ రోజూ తన ఫ్లాస్కులోంచి ఆయనకు కాఫీ పోసేది. కొన్నాళ్ళు కెన్యాలో పనిచేసి వచ్చిన మనిషి. విరిగిన చెట్టు పక్కన కూర్చుని ఆవిడ చెప్పిన మాటలు అన్నయ్య మాకు ఆ శనివారం చెప్పాడు.

"అక్కడా చెట్లు పడదోస్తాయట. చెట్టు పడితే ఎండ తగిలి గడ్డి లేస్తుంది, ఆ గడ్డికి జీబ్రాలు, జింకలు వస్తాయి. ఏనుగులు కాయలు తిని ఎక్కడో పేడ వేస్తే అక్కడ మొక్కలు మొలుస్తాయి. ఇవి ఆ తోపు వదిలేసి మైళ్ళకు మైళ్ళు వెళ్ళిపోతాయి. వెనక అది మళ్ళీ చిగురిస్తుంది. వెళ్ళడానికి చోటు లేకపోతే అక్కడి అడవి కూడా ఇలాగే బోడి అయిపోతుందట."

"మరి మన మేబెల్ ఎక్కడికెళ్తుంది?" అన్నాను.

"అదేనమ్మా! సాయంత్రం పడేసిన చెట్టు దగ్గరికే పొద్దున మళ్ళీ వస్తుంది. ఇంకెక్కడికి పోతుంది?"

ఆ వారం ఏనుగు మనసు మార్చమని ఆయన ప్రార్థన చేయలేదు. మేనేజరు మనసు మార్చమన్నాడు.

పార్కు వెనక పొదలు పెరిగిన ఖాళీ పొలం ఉంది. ఆవరణకు కలిపి కంచె వేస్తే, ఒక పక్క ఏనుగులు తిరుగుతుంటే రెండో పక్క కోలుకుంటుంది. అన్నయ్య, డోరిస్ కలిసి వెళ్ళి అడిగారు. మేనేజరు మర్యాదగానే కుర్చీ చూపించాడు, విన్నాడు. "బాగుంది, శాట్. కాని ఏనుగులు వెనక పొలంలో ఉంటే కార్లలోంచి చూసేదెవరు?" అన్నాడు. సత్యానందం అన్న పేరు ఆయన నోట 'శాట్' అయింది.

"చెట్లు కావాలంటాడు, చోటివ్వనంటాడు! ఏనుగు కావాలి, ఏనుగు పనులు మాత్రం వద్దు!" అని ఆ రాత్రి అన్నయ్య అన్నం ముందు కూర్చుని మండిపడ్డాడు. కలిపి పెట్టిన ముద్ద చల్లారిపోతుంటే, వదిన కంచం తీసి మళ్ళీ వేడన్నం పెట్టింది.

ఆగస్టులో సిమెంటు చెట్లు వచ్చాయి. సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే సెలవుకు అన్నయ్యే మమ్మల్ని పార్కుకు తీసుకెళ్ళాడు. నిజం చెప్పాలంటే చెట్లు చక్కగానే ఉన్నాయి. మేబెల్ వచ్చి మొదలంతా తొండంతో తడిమింది. బెరడు అంచు దొరుకుతుందేమోనని వెతికింది. నుదురు ఆనించి తోసింది. వెనక్కి తగ్గి మళ్ళీ తోసింది. కార్లలో జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది.

"దిగకండి, ఇప్పుడే వస్తా" అని అన్నయ్య పనివాళ్ళ గేటు వైపు వెళ్ళాడు. కాసేపటికి కాలవగట్టున కొట్టిన పచ్చి విల్లో చెట్టు కొమ్మలు చంకనిండా మోసుకొచ్చి, కంచె మీదుగా ఒక్కొక్కటే లోపలికి విసిరాడు. చర్చికి వేసుకునే తెల్లచొక్కా నిండా పసరు మరకలు.

"రావే తల్లీ, ఇటు రా. అది వదిలెయ్" అన్నాడు తెలుగులోనే.

మేబెల్ ఇంకోసారి సిమెంటును తోసి చూసి, ఆయన వైపు నడిచి వచ్చింది.