తుండుగుడ్డ కింద ఫోర్సెప్స్

1955 జూన్‌లో నన్ను ఆదోనిలో ఒక ధర్మాసుపత్రికి ఆపరేషన్ థియేటర్ స్టాఫ్ నర్సుగా వేశారు. అప్పుడు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. అక్కడి నుంచి ఎవరినైనా ఆదోనికి పంపితే, ఏదో తప్పు చేసి ఉంటుందని తోటి నర్సులు గుసగుసలాడుకునేవారు. నాకు మాత్రం సొంతూరికి దగ్గర పడింది. మాది పెద్దకడుబూరు. మా నాన్న పత్తి వేసేవాడు, ఎద్దులు మార్చేవాడు. రెండో పని మీద ఆయనకు మోజు ఎక్కువ. ఏ ఏడు ఎద్దులు ఆ ఏడు నచ్చకపోయేవి. నన్ను వెంటబెట్టుకుని సంతలన్నీ తిరిగేవాడు. ఆ తిరుగుడు నా ఉద్యోగంలో ఒక్కసారి పనికొచ్చింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఫోర్సెప్స్ గురించి చెప్పాలి. బయటివాళ్ళ కంటికి థియేటర్ ట్రేలో ఉన్నవన్నీ కత్తెరలే. కత్తెర కోస్తుంది, ఫోర్సెప్స్ పట్టుకుంటుంది. తేడా అంతే, కానీ ప్రాణాలు నిలిచేదీ పోయేదీ ఆ తేడా మీదే. వేళ్ళు దూర్చే ఉంగరాల పిడి చాలావాటికి ఒకటే. పిడి దగ్గర మెట్లుమెట్లుగా చిన్న కొక్కెం ఉంటుంది. నొక్కితే టిక్కుమని పడుతుంది, మనం చెయ్యి తీసినా అది పట్టు వదలదు. అసలు గుట్టంతా కొసలో ఉంటుంది. కొస లోపల అడ్డగీతలుంటే అది రక్తనాళాన్ని నొక్కిపెట్టే ఆర్టరీ ఫోర్సెప్స్. అవే అడ్డగీతలుండి చిట్టచివర పన్ను కూడా ఉంటే అది మొండిగా జారిపోయే వాటిని, కోసి తీసేయబోయే వాటిని పట్టేది. కొస కోడిగుడ్డు ఆకారంలో ఉంటే దూది, గుడ్డ పట్టేది. కొస వంకీ తిరిగి, మధ్యన కిటికీలా ఖాళీగా ఉండి, ఒక్క పన్నూ లేకుండా నున్నగా ఉంటే అది పేగును పట్టేది. వీటన్నిటికీ ఎవరెవరో దొరల పేర్లున్నాయి. పరీక్షకు కూర్చోని పాఠకులకు అవి అక్కర్లేదు.

మా సర్జన్ శేషాచలంగారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. పనిలో గట్టివారు. డ్యూటీ వేళల్లో నవ్వు ఖర్చు చేసేవారు కాదు. సర్జన్ గాయం మీది నుంచి చూపు తిప్పడు, చెయ్యి మాత్రం చాపుతాడు. చాపిన తీరును బట్టి ఏది కావాలో నర్సు గ్రహించి, పిడి అరచేతిలో పడేలా అందించాలి. ఇది అన్నిచోట్లా ఉన్న పద్ధతే. శేషాచలంగారు దానికి ఇంకో మెలిక పెట్టారు. నర్సు ఫోర్సెప్స్‌ను చూడకుండా, తడిమి చెప్పాలి. కరెంటు పోతే ఏం చేస్తావని ఆయన ప్రశ్న. నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ ఆపరేషన్ మధ్యలో కరెంటు పోలేదు. ఆయన వార్డు రిపోర్టులు చదివేటప్పుడు మాత్రం తప్పకుండా పోయేది.

పరీక్ష ఇలా ఉండేది. పాత పనిముట్లు ఒక ట్రేలో పోసి పైన తుండుగుడ్డ కప్పేవారు. గుడ్డ కిందికి ఒక పక్క నుంచి ఆయన చెయ్యి, ఇంకో పక్క నుంచి నా చెయ్యి. ఆయన ఒకటి నా చేతిలోకి తోస్తారు. నేను తడిమి, అదేమిటో, ఎందుకో గొంతు తగ్గించి చెప్పాలి. తప్పయితే నోరు మెదపకుండా తల అడ్డంగా ఊపుతారు. ఒప్పయితే 'సరే' అంటారు. అంతకు మించి మెచ్చుకోలు ఆశించకూడదు.

ఆ సంక్రాంతి నెలలో, ఎమ్మిగనూరు జాతర దగ్గరపడుతుండగా, ఉదయం బస్సులో హుస్సేనప్ప అనే ఎద్దుల దలాలి వచ్చాడు. వెంట భార్య ఈరమ్మ. హుస్సేనప్పకు గిలక బుడ్డ, అంటే పేగు గజ్జల్లోకి దిగే జబ్బు. ఏళ్ళ తరబడి గోచీ బిగించి నెట్టుకొచ్చాడు. ఆ రోజు దిగిన పేగు మళ్ళీ పైకి పోలేదు. శేషాచలంగారు ఒత్తి చూసి, పేగు ఇరుకులో చిక్కుకుందనీ, రక్తం అందకపోతే నల్లబడి కుళ్ళుతుందనీ, మధ్యాహ్నం లోపల కోసి విడిపించకపోతే మనిషి దక్కడనీ ఈరమ్మకు చెప్పారు. ఆమె ఏడుస్తూనే వేలిముద్ర వేసింది. హుస్సేనప్పను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి థియేటర్ వాకిట్లో ఉంచారు. పనిముట్లు నీళ్ళలో మరుగుతున్నాయి.

అవి మరిగేదాకా ఖాళీయే కదా. శేషాచలంగారికి ఖాళీ అంటే గిట్టదు. పాత ట్రే తెప్పించి గుడ్డ కప్పారు. తలుపు తెరిచే ఉంది. ఆయన ఒకటి తోశారు. అడ్డగీతలు తగిలి ఆర్టరీ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. నేను మళ్ళీ తడిమాను. చిట్టచివర పన్ను తగిలింది. దాని పేరు చెప్పాను. ఆయన ఒకసారి స్ట్రెచర్ వైపు చూసి, నా వైపు చూసి, "సరే, ఇంక కానివ్వండి" అన్నారు.

ఆ మాట పూర్తికాకముందే వాకిట్లో ఈరమ్మ కేక వినబడింది. హుస్సేనప్ప స్ట్రెచర్ దిగి, కడుపు పట్టుకుని, గోడ మీద చెయ్యి వేసుకుంటూ వరండాలోకి పోతున్నాడు.

"యాడికి పోతాండావయ్యా?" అని ఆమె అడ్డం పడింది.

"బస్సు కాడికి," అన్నాడు. "ఈడ నన్ను ఎద్దును సేసినారు. నన్ను పండబెట్టి, నా మొగం మీదనే గుడ్డ కింద బేరం సేసుకుంటాండారు. ఈయమ్మ ఒకటి సెప్పె, ఆయప్ప కాదని తల ఊపె. ఈయమ్మ ఇంగొకటి సెప్పె. ఆయప్ప నా దిక్కు సూసి సరే అనె. దేనికి సరే? నా పానానికా? ఎంటికలు నెరిసిందాంక నేను సేసిండే పనే గదా ఇది, నాకు తెల్దా!"

మా వైపు సంతలు తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఎద్దుల బేరంలో ధర నోటితో చెప్పరు. దలాలి, కొనేవాడు తుండుగుడ్డ కింద చేతులు కలుపుతారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని. చెయ్యంతా పట్టుకుంటే అయిదు. చుట్టూ ఎంతమంది ఉన్నా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. కాదంటే తల ఊపుతారు, కుదిరితే సరే అంటారు. ఎద్దు పక్కనే నిలబడి నెమరు వేస్తుంటుంది. జీవితమంతా ఆ గుడ్డకు ఇవతల ఉన్న మనిషి, ఆ పొద్దు మొదటిసారి ఎద్దు వైపు నుంచి చూశాడు. భయపడ్డాడంటే పడడూ మరి!

శేషాచలంగారు బయటికొచ్చి, ఇది ధర్మాసుపత్రి అనీ, ఇక్కడ ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదనీ కోప్పడ్డారు. దాంతో వ్యవహారం ఇంకా చెడింది.

"ఊరికే తోలుకపొమ్మనే ఎద్దుకు లోపల ఏదో ఒక రోగముంటాది దొరా," అన్నాడు హుస్సేనప్ప, వరండా మెట్ల మీద కూలబడుతూ. నొప్పికి చెమటలు కారిపోతున్నాయి. అయినా లేవనంటే లేవనన్నాడు. ఈరమ్మ ఒకసారి ఆయన కాళ్ళు, ఒకసారి డాక్టరుగారి కాళ్ళు పట్టుకుంటోంది.

పనిముట్లు మరిగేలోపల నేను మాట్లాడి చూస్తానని డాక్టరుగారిని అడిగాను. ఆయన గడియారం చూసుకుని లోపలికి పోయారు. ఒప్పుకున్నట్టే అనుకున్నాను. పాత ట్రే తెచ్చి మెట్ల మీద హుస్సేనప్ప పక్కన కూర్చున్నాను. ట్రే మీద గుడ్డ కప్పి, "అన్నా, చెయ్యి పెట్టు" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"మాది పెద్దకడుబూరు," అన్నాను. "మా నాయన ఎద్దులు మార్చేటోడు. నాకూ కొంచెం తెలుసు, పెట్టు."

చెయ్యి పెట్టాడు. గుడ్డుకొస ఫోర్సెప్స్ అందించి, దీంతో మందు దూది పట్టుకుని ఒళ్ళు తుడుస్తామన్నాను. తడిమి చూసి, ముక్కుతాడు గుచ్చే పట్టకారేమో అనుకున్నానన్నాడు. ఆర్టరీ అందించి, ఇది రక్తం కారకుండా నాళాన్ని నొక్కేదన్నాను. టిక్కుమన్నప్పుడు ఉలిక్కిపడ్డాడు. డాక్టరుగారు నాకిచ్చిన పన్నున్న దాన్ని ఇచ్చి, ఇందాక మేం మాట్లాడుకున్నది దీని గురించేనన్నాను. కొస వేలికి గుచ్చుకుంది.

"ఇది నాకొద్దు," అన్నాడు వెంటనే.

"నీ పేగుకు ఇది పెట్టం. దానికి ఇది," అని వంకీ తిరిగిన నున్నటి దాన్ని అందించాను. గుడ్డ కిందనే తన వేలికి తగిలించుకున్నాడు. టిక్కుమంది. కాసేపు అట్లే ఉంచుకున్నాడు.

"పండ్లు లేవే," అన్నాడు. "దూడ నోట్లో ఏలు పెట్టినట్లుంది."

ఇక లేస్తాడనుకున్నాను. లేవలేదు. ఫోర్సెప్స్ వదిలేసి నా చెయ్యి పట్టుకున్నాడు. "సరుకు సూసినా. ఇంగ రేటు సెప్పు."

ఏమీ లేదని ఇంకోసారి చెబితే నేరుగా బస్సెక్కేవాడు. బేరమాడకుండా వచ్చింది ఆ మనిషి దృష్టిలో వస్తువే కాదు. లోపల ఆయన పేగు నల్లబడుతోంది. నాకు తోచింది ఒక్కటే. కోశాక మంచం మీద ఎన్ని వారాలు పండుకోవాలో అది మాట్లాడదామన్నాను. ఆయన ఒక్క వేలు పట్టాడు. నేను చెయ్యంతా పట్టాను. డాక్టరుగారు ఇలాంటివాళ్ళకు రెండు వారాలు చెబుతారని నాకు తెలుసు. తెలిసీ అయిదు చెప్పాను. సంతలో పెరిగినదాన్ని, ఉన్న ధర ఉన్నట్టు చెప్పడానికి నోరు రాలేదు, వేలూ రాలేదు. జాతర పోతుందని ఆయన తల ఊపాడు. నేను నాలుగు వేళ్ళు పట్టాను. ఆయన రెండు పట్టాడు.

"అయ్యయ్యో! పానం పోతాంటే సిస్టరమ్మ సెయ్యి పట్టుకోని కూసున్యాడు సూడండ్రీ!" అని ఈరమ్మ వరండా అంతటికీ వినబడేలా అరిచింది. ఆయా కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. అది కూడా మా నాన్న నేర్పిన విద్యే. మూడు వేళ్ళు పట్టి ఊరుకున్నాను.

ఆయన కళ్ళు మూసుకుని కొంతసేపు నా చెయ్యి అట్లే పట్టుకున్నాడు. తర్వాత "సరే" అని, ఆసుపత్రి తుండుగుడ్డను అలవాటుగా దులిపి భుజాన వేసుకుని, తానే స్ట్రెచర్ ఎక్కాడు.

వెన్నులో మత్తు సూది ఇచ్చి ఆపరేషన్ మొదలుపెట్టారు. అలా ఇస్తే నడుము కింద స్పర్శ ఉండదు కానీ మనిషికి తెలివి ఉంటుంది. సంచి తెరిచేసరికి పేగు ముదురు నేరేడు రంగులో ఉంది. శేషాచలంగారు చెయ్యి చాపారు. వంకీది అందించాను. బిగుసుకున్న ఇరుకును కోసి వదులు చేసి, పేగు చుట్టూ వేడి సెలైన్‌లో ముంచిన గుడ్డ వేసి కాచుకుని కూర్చున్నాం. గుడ్డ తీసి చూస్తే ఎర్రదనం తిరుగుతోంది. నాకు ఊపిరి ఆడింది. అప్పుడు తెర అవతల నుంచి హుస్సేనప్ప, "ఇందాక టిక్కుమనింది దూడనోటిదే గదా, సిస్టరమ్మా?" అన్నాడు. శేషాచలంగారు ఆపరేషన్ మధ్యలో చూపు తిప్పి నన్ను చూడడం అదొక్కసారే.

రెండు వారాలకు గాయం శుభ్రంగా మానింది. డాక్టరుగారు డిశ్చార్జి అన్నారు. హుస్సేనప్ప మంచం దిగనన్నాడు.

"మూడుకు సరే అనుకున్యాం దొరా. సరే అన్నెంక మాట తప్పితే, రేపు జాతరలో నా గుడ్డ కింద సెయ్యి పెట్టేదెవురు?"

శేషాచలంగారు నా వైపు తిరిగారు. జరిగిందంతా చెప్పక తప్పలేదు. విని, ఆయన కిటికీ వైపు తిరిగి ఎండను పరిశీలించడం మొదలుపెట్టారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. చివరికి వార్డు రిపోర్టులో, రోగికి ఇంకో వారం విశ్రాంతి అవసరమని రాశారు. ఎవరికి అవసరమో రాయలేదు. మర్నాటి నుంచి మా పరీక్ష తలుపు మూసి జరిగింది.

మూడో వారం ముగిసి, జాతరకు ఇంకా కొంచెం వ్యవధి ఉండగానే, హుస్సేనప్ప బయల్దేరాడు. పోతూపోతూ థియేటర్ వాకిట్లో ఆగి, రెండు వారాల సరుకుకు మూడు పలికిస్తున్నావని ఆ పొద్దే తెలుసని నవ్వాడు. నేను బిత్తరపోయాను. తెలిస్తే ఎందుకు ఒప్పుకున్నావన్నాను.

"ఆ పొద్దు నీ మొగం రాయి మాదిరుండె," అన్నాడు. "సెయ్యి మాత్రం గుడ్డ కింద వణుకుతాండె. అమ్ముకునేటోళ్ళ సెయ్యి వణకదమ్మా. యాడ సచ్చిపోతాడో అని భయపడేటోళ్ళదే వణుకుతాది. అందుకే ఎక్కి పండుకొన్యా. ఇంగ వారం ఎక్కువా తక్కువా అని ఏం సూసేది?"

ఆ తర్వాత చాలా ఏళ్ళు శిక్షణకొచ్చిన నర్సులకు ఫోర్సెప్స్ పాఠం చెప్పాను. నేనూ గుడ్డ కప్పే నేర్పాను. ఏది ఏ పనికో చూసి కాదు, తడిమి గుర్తుపట్టమనేదాన్ని. దాంతోపాటు ఇంకొకటి చెప్పేదాన్ని. రోగి మన చెయ్యి పట్టుకున్నప్పుడు ఆయన కూడా అదే పరీక్ష రాస్తుంటాడు. ఎక్కువసార్లు ఒప్పే రాస్తాడు.