పాటల పుస్తకం చెప్పిన తారీఖు

పామర్రు వెళ్లే బస్సులో పక్క సీటు పెద్దాయన పాత సినిమా పాటల పుస్తకం తీశారు. ఇంట్లో అలాంటివి పెట్టెడున్నాయట. ఏ సినిమా ఏ రోజున విడుదలైతే, ఏటా ఆ రోజున ఆ పుస్తకం బయటికి తీస్తారట. అట్ట మీద పేరు చూసి ఉలిక్కిపడ్డాను.

"నేను పుట్టిన రోజున మా నాన్న ఈ సినిమాకే పోయాడని అమ్మ తిట్టేదండి. బళ్లో మేష్టారేమో జూన్ ఒకటి అని రాసేశారు. ఐదో తరగతిలో నేను బడి మానేశాను గానీ, ఆ తారీఖు నన్ను మానలేదు."

"అయితే ఇవాళే మీ పుట్టినరోజండి. ఆగండాగండి, మీ నాన్నగారు చూసింది మొదటి రోజా, వందో రోజా?"

చెప్పడానికి అమ్మా నాన్నా ఇద్దరూ లేరు.

ఆయన దిగుతూ, "ఎందుకైనా మంచిది, శుభాకాంక్షలండి" అన్నారు.

జూన్ ఒకటిన ఎవరు ఆ మాటన్నా జోకేస్తాను. బస్సులో ఆ రోజు మాత్రం ఒక్క జోకూ తట్టలేదు.